బెత్తానికి లొంగే జబ్బు కాదిది

“పెంపకం సరిగ్గా ఉంటే పిల్లలు ఇలాంటి పనులు చేయరు.” మానసిక జబ్బుతో సతమతమవుతూ తనను తాను గాయపరచుకునే బిడ్డ ఉన్న ఇంట్లో ఈ మాట వినపడని వారం ఉండదు. పెళ్లి పందిట్లో, పేరెంట్స్ మీటింగులో, వ్యక్తిత్వ వికాస ఉపన్యాసాల్లో, కుటుంబ వాట్సాప్ గ్రూపుల్లో అందరిదీ ఇదే మాట. అనేవాళ్లు చెడ్డవాళ్లు కారు. చాలామంది ఆ బిడ్డ బాగుపడాలని మనసారా కోరుకునేవాళ్లే. అందుకే వాళ్ల వాదనను వాళ్లు చెప్పే తీరులోనే ముందు పెడతాను.

వెనకటి రోజుల్లో ఇంటికి అయిదుగురారుగురు పిల్లలు. చద్దన్నం తిని మైళ్లు నడిచి బడికి వెళ్లారు, బెత్తం దెబ్బలు తిన్నారు, ఫెయిలైతే మళ్లీ కట్టి రాశారు. ఎవరికీ డిప్రెషన్ రాలేదు. ఇప్పుడు ఇంటికి ఒకరో ఇద్దరో. అడగకముందే అన్నీ అమరుస్తున్నారు. ‘వద్దు’ అన్న మాట వినకుండా పెరిగిన పిల్ల, మొదటిసారి ఎవరో వద్దనేసరికి తట్టుకోలేక అఘాయిత్యం చేసుకుంటుంది. పైగా అమ్మానాన్నల్ని లొంగదీసుకోవడానికి ఇదొక ఆయుధమని పసిగడుతుంది. డాక్టర్లనీ మందులనీ తిప్పితే తానొక రోగినన్న భావం ఆ పిల్లలో స్థిరపడిపోతుంది. కాస్త గట్టిగా ఉండండి, అదే సర్దుకుంటుంది. మొక్కై వంగనిది మానై వంగునా?

ఇందులో ఒప్పుకోవాల్సినవి రెండున్నాయి. పిల్లలకు హద్దులు కావాలి. రాత్రి రెండింటిదాకా ఫోన్ పట్టుకుని నిద్ర పాడుచేసుకుంటే ఉన్న బాధ ఇంకా ముదురుతుంది. ఈ రెండూ ఏ సైకియాట్రిస్టయినా చెప్పేవే. మిగతా వాదన మాత్రం తప్పు. కారణం దగ్గర తప్పు, చికిత్స దగ్గర మరీ తప్పు. దాన్ని నమ్మి నడుచుకుంటే ప్రాణాలు పోతాయి.

నేనొక తల్లిని. మా అమ్మాయికి పద్దెనిమిది నిండాయి. తన గురించి ఎంతవరకు రాయవచ్చో తనే చెప్పింది. అంతవరకే రాస్తాను.

1. ‘మా రోజుల్లో ఇవేవీ లేవు’

ఉన్నాయి. జిల్లా పేజీల్లో ‘కడుపునొప్పి తాళలేక’ అన్న వార్తలు చదువుతూ పెరిగిన తరం మనది. పదహారేళ్ల పిల్లకీ, కొత్త కోడలికీ, పదో తరగతి తప్పిన కుర్రాడికీ అదే కడుపునొప్పి. ఆ నొప్పి ఎక్కడిదని ఎవరూ అడగలేదు. బతికి బయటపడ్డవాళ్ల ఇళ్లలో అయితే అసలు నోరే విప్పేవాళ్లు కారు. దానికి కారణముంది. ఆత్మహత్యాయత్నం అప్పట్లో భారత శిక్షాస్మృతి 309వ సెక్షన్ కింద ఏడాదిదాకా జైలుశిక్ష పడగల నేరంగా ఉండేది. బిడ్డ మీద కేసు పడుతుందేమోనన్న భయంతో, పొరపాటున జరిగిందని కన్నవాళ్లే ఆసుపత్రిలో చెప్పేవాళ్లు. 2017లో చేసిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మరుసటి ఏడాది అమల్లోకి వచ్చాకే ఆ స్థితి మారింది. అలాంటి ప్రయత్నం చేసిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలనీ, శిక్షించకూడదనీ, వైద్యం అందించే బాధ్యత ప్రభుత్వానిదేననీ దాని 115వ సెక్షన్ చెబుతుంది.

దాచడమే పద్ధతిగా నడిచిన కాలాన్ని సాక్ష్యంగా తెచ్చి ‘అప్పుడు లేవు’ అంటే ఆ సాక్ష్యం చెల్లదు. గాలి సోకిందని తాయెత్తు కట్టించిన పిల్లలు, దయ్యం పట్టిందని వేపమండలతో బాదించుకున్న పిల్లలు ఏ లెక్కల్లోకీ రాలేదు. ఇంకొక సంగతి. ఆ రోజుల్ని తట్టుకుని నిలబడ్డవాళ్లే ఇవాళ ఆ రోజుల గురించి చెబుతున్నారు. తట్టుకోలేనివాళ్లు చెప్పడానికి లేరు.

లెక్క తీసినప్పుడు ఏం తేలిందో చూడండి. బెంగళూరు నిమ్హాన్స్ 2015–16లో 12 రాష్ట్రాల్లో జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో 13 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉన్నట్టు కనపడింది. ఆ పన్నెండింటిలో మన రెండు రాష్ట్రాలూ లేవు. అయినా మన దగ్గర పరిస్థితి వేరని అనుకోవడానికి ఏ ఆధారమూ లేదు.

2. ‘గారాబం వల్లే’

గారాబమే కారణమైతే, గారాబం లేనిచోట ఈ బాధ ఉండకూడదు. కఠినత్వమే మందైతే, అది పుష్కలంగా దొరికేచోట పిల్లలు నిక్షేపంలా ఉండాలి. అలాంటి చోట్ల కోసం వెతుక్కోనక్కర్లేదు. మన ఊళ్ల పొలిమేరల్లో బహుళ అంతస్తుల భవనాలై నిలబడి ఉన్నాయి. ఇంటర్ రెసిడెన్షియల్ కాలేజీలు. తెల్లవారుజామునే లేపుతారు. స్టడీ అవర్లతో మొదలైన రోజు స్టడీ అవర్లతోనే ముగుస్తుంది. ఫోన్ ఉండదు. ఔటింగ్ వాళ్లిచ్చినప్పుడే. అమ్మతో మాట్లాడాలంటే వార్డెన్ దగ్గర వరసలో నిలబడాలి. వారం వారం పరీక్ష, వచ్చిన మార్కుల్ని బట్టి సెక్షన్ మార్పు, కింది సెక్షన్‌లో పడ్డ పిల్లకు అందరి ముందూ చీవాట్లు. ‘గట్టిగా ఉండండి’ అనేవాళ్ల సిద్ధాంతం నూటికి నూరుపాళ్లు అమలయ్యేది అక్కడే. ఆ పిల్లలు నిక్షేపంలా ఉన్నారా?

విశాఖపట్నంలో హాస్టల్లో ఉండి నీట్ కోచింగ్ తీసుకుంటున్న పదిహేడేళ్ల విద్యార్థిని మరణం మీద కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2025 జూలైలో కోర్టు దేశమంతటికీ వర్తించేలా 15 మార్గదర్శకాలిచ్చింది. వందమంది, ఆపైన విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో అర్హత ఉన్న కౌన్సెలర్ ఉండాలంది. మార్కుల్ని బట్టి బ్యాచ్‌లు విడగొట్టడం, నలుగురిలో అవమానించడం, శక్తికి మించిన లక్ష్యాలు పెట్టడం మానమంది. హెల్ప్‌లైన్ నంబర్లు హాస్టళ్లలో, తరగతి గదుల్లో కనపడేలా రాయమంది. తల్లిదండ్రుల గారాబం తగ్గించమని ఆ కోర్టు చెప్పలేదు. తల్లిదండ్రులకూ అవగాహన కల్పించమంది, పిల్లల మీద ఒత్తిడి పెట్టకుండా ఉండేలా. 2022 ఒక్క ఏడాదిలో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నట్టు జాతీయ నేర రికార్డుల బ్యూరో నమోదు చేసింది. ఇంతమందినీ అడిగిందల్లా ఇచ్చి పాడుచేశారని ఎవరైనా గుండె మీద చెయ్యేసుకుని చెప్పగలరా?

మా ఇంట్లో ఇద్దరు పిల్లలు. ఒకే తల్లి, ఒకే తండ్రి, ఒకే వంట, ఒకే కోపతాపాలు. ఒకరికి జబ్బు వచ్చింది, ఒకరికి రాలేదు. పెంపకంతోనే అంతా తేలిపోయేటట్టయితే ఇది ఎలా జరిగింది? వంశంలో ఉన్నవి, మెదడు ఎదిగే తీరు, బడిలో పడిన వేధింపు, పోగొట్టుకున్న మనిషి, నిద్రలేమి, ఇలా ఎన్నో కలిస్తే వచ్చే స్థితి ఇది. పెంపకానికి ఏ ప్రమేయమూ లేదని నేననను. కొట్టే ఇంట్లో, తాగొచ్చి తల్లిని బాదే తండ్రి ఉన్న ఇంట్లో, లైంగిక హింస జరిగిన ఇంట్లో ఈ ప్రమాదం ఎక్కువని ఏనాడో తేలింది. ఆ జాబితాలో దెబ్బలున్నాయి. గారాబం లేదు.

తల్లిని దోషిని చేయడం మన ఊరిలో పుట్టిన అలవాటేమీ కాదు. స్కిజోఫ్రీనియాకు తల్లి తీరే కారణమన్న ఊహను 1948లో ఫ్రీడా ఫ్రామ్-రైక్‌మన్ వైద్యలోకంలోకి తెచ్చింది. తల్లుల ప్రేమ కరువై ఆటిజం వస్తుందని 1967లో బ్రూనో బెటల్‌హైమ్ ఏకంగా పుస్తకం రాశాడు. రెండూ తప్పని తేలిపోయాయి. అప్పటికే రెండు మూడు తరాల తల్లులు కుమిలి కుమిలి పోయారు. వాళ్ల నేరం ప్రేమ తక్కువ కావడం. మా నేరం ప్రేమ ఎక్కువ కావడం. నేరం మాత్రం ముందే ఖాయమైపోయింది, దానికి తగిన సాక్ష్యాన్ని ఎవరికి వాళ్లు వెతుక్కుంటున్నారు.

3. ‘అదంతా డ్రామా’

మే నెలలో బెజవాడ ఎండ ఎలా ఉంటుందో తెలుసు కదా. ఆ ఎండలో మా అమ్మాయి నిండు చేతుల చొక్కాలు వేసుకుని తిరిగింది. ఉక్కపోతలో కూర్చుని చెమటలు కక్కుతున్నా చేతులు పైకి మడిచేది కాదు. పిన్ని కూతురి పెళ్లికి కుట్టించిన లంగా ఓణీ పక్కన పెట్టేసింది. తన బట్టలు తనే ఉతుక్కోవడం మొదలుపెట్టింది. పిల్లకు పనీపాటా నేర్పావని మా అత్తగారు నన్ను మెచ్చుకున్నారు కూడా. అందరి చూపూ తన మీద పడాలనుకునే పిల్ల చేసే పనులేనా ఇవి?

తమను గాయపరచుకునే పిల్లల్లో ఎక్కువమంది దాన్ని ప్రాణం పెట్టి దాస్తారు. పెద్దవాళ్లకు తెలిసేసరికి నెలలు గడిచిపోతాయి. చాలామంది ఆసుపత్రి గడపే తొక్కరు. ఎందుకు చేస్తారంటే, లోపలి బాధ భరించరానంత పెరిగినప్పుడు ఒక్క క్షణం ఊరట కోసం. మనసు మొద్దుబారిపోయినప్పుడు ఏదో ఒకటి తెలియడం కోసం. తమ మీద తమకే అసహ్యం వేసినప్పుడు శిక్షగా. ఆ ఊరట నిలవదు, వెనకనే సిగ్గు వస్తుంది, సిగ్గుతో బాధ రెట్టింపవుతుంది. అందరికీ చావాలనే ఉద్దేశం ఉండదు. కానీ ఇలా గాయపరచుకున్న పిల్లల్లో ముందు ముందు ఆత్మహత్య ప్రమాదం మిగతావాళ్లకన్నా చాలా ఎక్కువ. ‘డ్రామా’ అని తీర్పు చెప్పేవాళ్లు ఈ ఒక్క సంగతి ఆలోచించాలి. నేను పొరబడితే నాలుగుసార్లు ఆసుపత్రి చుట్టూ తిరిగిన శ్రమ పోతుంది. మీరు పొరబడితే పిల్ల పోతుంది.

పోనీ, అమ్మ చూపు కోసమే చేసిందనుకుందాం. జ్వరంతో ఒళ్లు కాలిపోతున్న పిల్ల ‘అమ్మా’ అని మూలిగేదీ అమ్మ చూపు కోసమే. దానికి ఎవరైనా చెంప పగలగొడతారా?

ఇదే కోవలో మరో మాట: ‘అడగకండి, అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుంది.’ ఈ భయం నిజమో కాదో పరీక్షించి చూశారు. న్యూయార్క్ రాష్ట్రంలో రెండువేలకు పైగా హైస్కూలు పిల్లలతో చేసిన అధ్యయనం 2005లో వచ్చింది. ఆత్మహత్య ఆలోచనల గురించి సూటిగా అడిగినందువల్ల పిల్లల్లో ఆ ఆలోచనలు గానీ దిగులు గానీ పెరగలేదు. అప్పటికే బాధలో ఉన్నవాళ్లకు కొంత ఉపశమనం కూడా కలిగింది. “చచ్చిపోవాలనిపిస్తోందా తల్లీ?” అని అడగడానికి గొంతు పెగలదు. అయినా అడగాలి. అడిగి, చెప్పింది విని, కోప్పడకుండా ఉండాలి.

4. ‘రెండు తగిలిస్తే దారికొస్తుంది’

దెబ్బ ఆ పనిని ఆపదు. కనపడకుండా చేస్తుంది. మన ఇళ్లలో దెబ్బకన్నా గట్టి ఆయుధం ఇంకొకటుంది, ఒట్టు. “నా మీద ఒట్టు, ఇంకెప్పుడూ చేయనని చెప్పు” అని తల్లి చెయ్యి చాపుతుంది. పిల్ల ఏడుస్తూ ఒట్టు వేస్తుంది. ఆ క్షణాన నిజంగానే వేస్తుంది. వారం తర్వాత అదే బాధ మళ్లీ కమ్ముకున్నప్పుడు, ఒట్టు తప్పితే అమ్మకేమవుతుందోనన్న భయం కూడా దాని మీద చేరుతుంది. ఇక చచ్చినా అమ్మకు చెప్పదు. ఒట్టు పెట్టించుకున్నరోజే ఆ పిల్లకు ఇంట్లో ఉన్న ఒక్క తలుపూ మూసేసినట్టు.

కఠినత్వం ఏం చేయగలదో చెప్పే మనిషి ఒకరున్నారు. మార్షా లినహాన్ పదిహేడేళ్ల వయసులో, 1961లో, అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో ఒక మానసిక చికిత్సాలయంలో చేరింది. తనను తాను గాయపరచుకునేది. ఒంటరి గదిలో పెట్టి తాళం వేశారు. అక్కడా ఆగలేదు. ఆ అమ్మాయే తర్వాత మనస్తత్వ శాస్త్రవేత్త అయ్యి, ఇలాంటివారి కోసమే డీబీటీ అనే చికిత్సను రూపొందించింది. తన కథను 2011లో బయటపెట్టింది. ఆ చికిత్సలో బాధ ఉప్పెనలా వచ్చినప్పుడు ఏం చేయాలో సాధన చేయించి నేర్పుతారు. కౌమార వయసు పిల్లలకైతే తల్లిదండ్రుల్నీ పక్కన కూర్చోబెట్టి అవే పాఠాలు చెబుతారు. అంటే ఈ చికిత్సకు తల్లి ముద్దాయి కాదు, మనిషి సాయం.

డిప్రెషన్ తోడైనప్పుడు మందులూ పనిచేస్తాయి. 2004లో వెలువడిన అమెరికా పరిశోధన ఒకటి 439 మంది కౌమారుల మీద జరిగింది. మందు, మాటల చికిత్స కలిపి ఇచ్చిన బృందంలో 12 వారాలకు 71 శాతం మంది మెరుగుపడ్డారు. మందు లేని ఉత్తి మాత్ర ఇచ్చిన బృందంలో 35 శాతం. ఈ మందులు మొదలుపెట్టిన తొలి వారాల్లో పిల్లల్ని కనిపెట్టుకుని ఉండాలని అదే ఏడాది అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించింది కూడా. కనిపెట్టుకుని ఉండాల్సింది ఎవరు? ఇంట్లోవాళ్లే.

అదెలా ఉంటుందో చెబుతాను. మందుల పెట్టెకు తాళం వేసి, ఆ తాళంచెవి నా మంగళసూత్రానికుండే పిన్నీసుకు తగిలించుకుని తిరిగాను. స్నానానికెళ్లినా తీయలేదు. డాక్టరు చెప్పినట్టు, అమ్మాయికి చెప్పే, తన గది లోపలి గడియ తీయించాం. రాత్రిళ్లు పక్కనే చాప వేసుకుని పడుకునేదాన్ని. మా ఆడపడుచు వచ్చి చూసి, “పదహారేళ్ల పిల్లను పక్కలో వేసుకుని జోకొడతావేంటి వదినా? అందుకే ఇలా తయారైంది” అంది. ఆమె కంటికి అది గారాబం. ఊపిరి ఆడుతోందా లేదా అని చీకట్లో చూసుకునే తల్లి చేసే పనిని గారాబమనడం అన్యాయం. హద్దులు మా ఇంట్లోనూ ఉన్నాయి. రాత్రి పది దాటితే ఎవరి ఫోనైనా హాల్లోనే. డాక్టరు దగ్గరికెళ్లే రోజు మారదు, ఏడ్చినా మారదు. తమ్ముణ్ని మాటలనడానికి వీల్లేదు. ఈ హద్దుల్లో ఎక్కడా చీదరింపు లేదు, అంతే.

ప్రమాదకరమైన వస్తువుల్ని అందకుండా పెట్టడం చిన్న విషయమనిపిస్తుంది. ఒక దేశమే దాని మీద నిలబడి ప్రాణాలు కాపాడుకుంది. ప్రాణాంతకమైన పురుగుమందుల్ని శ్రీలంక ఒకటొకటిగా నిషేధించాక, 1995 తర్వాతి ఇరవయ్యేళ్లలో అక్కడ ఆత్మహత్యల రేటు 70 శాతం దాకా తగ్గింది. సింహళ తల్లులు పిల్లల్ని గట్టిగా పెంచడం మొదలుపెట్టినందువల్ల తగ్గలేదు. ఆ గడ్డు ఘడియ గడిచేదాకా చేతికి ఏదీ అందకపోతే మనిషి బతుకుతాడు. వ్యవసాయం ఉన్న ప్రతి ఇల్లూ ఈ రాత్రే చేయగలిగిన పని ఇది.

5. ‘బయటికి తెలిస్తే పెళ్లి కాదు’

దీని మీద ఎక్కువ చెప్పాల్సిన పని లేదు. పెళ్లి కావాలంటే ముందు పిల్ల బతికుండాలి. ‘డాక్టరు దగ్గరికి తీసుకెళితే రోగి అనే ముద్ర పడుతుంది’ అనేవాళ్లకూ అదే జవాబు. మా అమ్మాయికి జబ్బు పేరు తెలిసిన రోజు, “అయితే నేను చెడ్డదాన్ని కాదన్నమాట” అంది. అప్పటిదాకా తనను తాను ఏమనుకుంటోందో ఆ రోజు తెలిసింది మాకు.

6. ఈ మాట వల్ల ఎవరికి లాభం

తప్పు తల్లిదండ్రులదేనని తేలిపోతే కాలేజీ కౌన్సెలర్‌ని పెట్టక్కర్లేదు. ప్రభుత్వం పిల్లల సైకియాట్రిస్టుల్ని నియమించక్కర్లేదు. దేశంలో లక్షమందికి ఒక సైకియాట్రిస్టు కూడా లేరు. మానసిక వైద్యానికే ప్రత్యేకించిన పెద్ద సర్కారు ఆసుపత్రులంటే ప్రధానంగా తెలంగాణలో ఎర్రగడ్డ, ఆంధ్రలో విశాఖపట్నం. బోధనాసుపత్రుల్లో విభాగాలున్నాయి గానీ, ఆదిలాబాద్ ఏజెన్సీ నుంచో మార్కాపురం పక్క పల్లె నుంచో కూలి మానుకుని పిల్లను తీసుకొచ్చే తండ్రి ఓపీ చీటీ పట్టుకుని ఎంతసేపు నిలబడాలో ఉపన్యాసాలిచ్చేవాళ్లకు తెలియదు. మానసిక జబ్బుకు కూడా ఒంటి జబ్బుతో సమానంగా బీమా ఇవ్వాలని 2017 చట్టం 21వ సెక్షన్ చెబుతోంది. ఈ హక్కును గట్టిగా అడగాల్సిన తల్లిదండ్రులు, తప్పు తమదేనని తల దించుకుని కూర్చుంటే ఎవరడుగుతారు? ‘పెంపకం లోపం’ అన్న మాట చేసే అసలు పని ఇదే. ప్రశ్నించాల్సిన నోళ్లు మూయిస్తుంది.

కాబట్టి బంధువులకూ, మాస్టార్లకూ, ఉపన్యాసకులకూ చెబుతున్నాను. ఇలాంటి బిడ్డ ఉన్న ఇంటికి ఈ మాట తీసుకురాకండి. పెద్దరికంతో కూడా తేకండి, ప్రేమతో కూడా తేకండి. సాయం చేయాలనుంటే చేయడానికి పనులు బోలెడున్నాయి. రెండో పిల్లవాణ్ని ఆదివారం మీ ఇంటికి తీసుకెళ్లండి, వాడికీ ఇంట్లో ఊపిరాడటం లేదు. రాత్రంతా మేలుకున్న తల్లిని రెండు గంటలు పడుకోనిచ్చి, ఆ పిల్ల దగ్గర మీరు కూర్చోండి. నీతులు వద్దు, క్యారమ్స్ ఆడినా చాలు. ఆసుపత్రిలో వరసలో మీరు నిలబడండి. కాలేజీకెళ్లి కౌన్సెలర్ ఏరని మాతోపాటు మీరూ అడగండి.

ఇక ఇప్పుడే తలుపు మూసుకున్న పిల్ల ఉన్న ఇంటివాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, గాయం కనపడితేనో ప్రాణభయం ఉంటేనో ఒంటరిగా వదలకుండా దగ్గర్లోని ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఏం చేయాలో తోచకపోతే 14416 టెలి మానస్‌కు ఫోన్ చేయండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న మొదలుపెట్టిన ఉచిత సేవ అది. ఏ వేళలోనైనా పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు. పిల్లలే చేయాలని లేదు, తల్లిదండ్రులూ చేయవచ్చు.